కార్తీకంలో శేషాచలం కోనలకు బయల్దేరుతున్నారా? ముందు ఇది చదవండి

అక్టోబరు వచ్చిందంటే మా తిరుపతి వైపు అసలు వానాకాలం మొదలైనట్టే. జులై, ఆగస్టుల్లోనూ వానలు పడతాయి గానీ, మా చెరువులు నిండేది మాత్రం ఈశాన్య రుతుపవనాల మీదే, అందులోనూ నవంబరు మీదే ఆశంతా. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే తూర్పు నుంచి వచ్చే తేమగాలి ఈ కొండలకు తగిలి పైకి లేచి, చల్లబడి, ఉన్నదంతా అక్కడే కుమ్మరించేస్తుంది. ఊళ్లో సన్నగా ముసురు పట్టినప్పుడు కొండ మీద కుండపోతగా ఉండడం మాకు అలవాటే.

సరిగ్గా అప్పుడే కార్తీకమాసం. సెలవులు, వనభోజనాలు, ఫోన్లలో తలకోన జలపాతం వీడియోలు. ప్రతి ఏడాదీ ఈ రోజుల్లోనే పిల్లలు గుంపులుగా బైకులేసుకుని కోనల్లోకి వెళ్తుంటే నాకు నిజంగా టెన్షన్‌గా ఉంటుంది.

అన్నిటికన్నా ముందు ఒక్క మాట బుర్రలో పెట్టుకోండి. కోనలో మీ నెత్తిన ఎండ కాస్తున్నా వంకలోకి, అంటే కొండవాగులోకి, ఒక్కసారిగా నీళ్లు రావచ్చు. ఈ కొండల్లో చాలాచోట్ల పైన మట్టి పలచన, కింద అంతా గట్టి బండ. పడ్డ వాన ఇంకదు, జారిపోతుంది. ఎక్కడో పైన మనకు కనపడని చోట గంటసేపు కురిసిన వాన కాసేపటికి మన కాళ్ల దగ్గరికి వచ్చేస్తుంది.

కొన్నేళ్ల కిందట అక్టోబరు చివర్లో అనుమతి తీసుకునే ఐదుగురం ఒక కోనకు వెళ్లాం. పొద్దున వంక దాటినప్పుడు నీళ్లు చీలమండ దాకా కూడా లేవు. మధ్యాహ్నం బండ మీద కూర్చుని పులిహోర తింటున్నాం, ఆకాశం నీలంగా ఉంది. అడుగున గులకరాళ్లు కనపడేంత తేటగా ఉన్న నీళ్లలో ముందు నాలుగు ఎండుటాకులు కొట్టుకొచ్చాయి, తర్వాత పుల్లలు, అంచుల్లో నురగ, ఆ తర్వాత నీళ్లు టీ రంగులోకి తిరిగాయి. మాకు ఏమీ తట్టలేదు. మాతో దారి చూపడానికి వచ్చిన పెద్దాయన మాత్రం చేతిలో ముద్ద వదిలేసి "లేయండి నాయనా, పైన పడింది, నీళ్లు దిగొస్తాండాయి" అన్నాడు. గట్టు మీదికి ఎక్కాం. పది నిమిషాల్లో మేం కూర్చున్న బండ కనపడలేదు, క్యారియర్ పోయింది. మాలో ఒకతను చేతులు చేతులు పట్టుకుని దాటేద్దామన్నాడు, పెద్దాయన ససేమిరా ఒప్పుకోలేదు. నీళ్లు తగ్గడానికి నాలుగు గంటలు పట్టింది.

కాబట్టి నీళ్ల రంగు మారినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా వస్తున్నా, పైనుంచి లారీ వస్తున్నట్టు హోరు వినిపించినా, సామాన్లు సర్దుకోవద్దు, ఫొటో తీయొద్దు, పక్కకి ఎత్తుకు ఎక్కేయండి. వంక వెంబడి కిందికి పరిగెత్తితే నీళ్లు మీకంటే ముందే ఉంటాయి. వేగంగా పారే నీళ్లు మోకాలి దాకా ఉంటే ఎంత బలమైనవాడినైనా పడేస్తాయి. ఆగిపోయి ఆకలితో కూర్చోవడమే మంచిది.

బయల్దేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడండి. వాళ్ల లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. "అతి భారీ" అన్న మాట కనపడితే ఆ రోజే కాదు, తర్వాత రెండు మూడు రోజులు కూడా మానేయండి. ఎందుకంటే వాన ఆగినా కొండ ఊరుకోదు. బండల మధ్య పగుళ్లలోకి నీరు దిగి, వాటిని పట్టుకున్న మట్టి మెత్తబడి, ఎప్పుడు జారుతుందో చెప్పలేం. 2021 నవంబరులో ఏం జరిగిందో గుర్తుందా? వరదకు తిరుమలకు నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి ధ్వంసమై నెలల తరబడి మూసేశారు, ఆ వానలకే చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయింది. మళ్లీ డిసెంబరు 1న తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద పెద్ద బండలు పడ్డాయి. కాబట్టి దారి మూశారని తెలిస్తే అక్కడున్న సిబ్బందిని బతిమాలకండి, వెనక్కి తిరగండి. ఘాట్‌లో కొండచరియ పక్కన బండి ఆపి టీ తాగడం కూడా ఈ రోజుల్లో వద్దు. పొగమంచు పట్టినప్పుడు టూ వీలర్ మీద వెళ్లకుండా బస్సెక్కడమే నయం.

అక్టోబరు మధ్యాహ్నాలు పిడుగులు ఎక్కువ. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఫోన్లో వేసుకోండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై అంకెలు లెక్కపెట్టేలోపే ఉరుము వినిపిస్తే శిఖరం మీదా, ఒంటి చెట్టు కిందా ఉండకండి. చివరి ఉరుము తర్వాత ఇంకో అరగంట ఆగాలి.

జలపాతం కింద నీళ్లు నిలిచే గుండంలోకి దూకడం గురించి ఎంత చెప్పినా తక్కువే. కిందటి నెల ఈదిన గుండమే కదా అనుకోకండి, వరదకు కొత్త బండలూ విరిగిన కొమ్మలూ వచ్చి అడుగున కూర్చుంటాయి, బురద నీళ్లలో అవి కనపడవు. జలపాతం కింద పాచి పట్టిన బండ మీద బూటు కూడా నిలవదు, అక్కడ సెల్ఫీ దిగాలని పిల్లలు ఎంత అడిగినా ఒప్పుకోకండి.

వానలకు బొరియల్లో నీళ్లు చేరితే పాములు బయటికి వస్తాయి. టార్చి లేకుండా అడుగు వేయొద్దు. కాటు వేస్తే కోయడం, గట్టిగా తాడు కట్టడం, మంత్రం వేయించడం ఏవీ వద్దు, కాలు కదలకుండా చూసి తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకెళ్లండి. నవంబరులో ఆరయ్యేసరికి చీకటి పడుతుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకుంది, చిన్నపిల్లలను ముందుకు పరిగెత్తనివ్వకుండా చెయ్యి పట్టుకునే నడిపించండి.

కోనల్లో సిగ్నల్ ఉండదు. ఏ కోనకు వెళ్తున్నారు, ఎన్ని గంటలకు తిరిగొస్తారు అన్నది కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లండి, ఆ టైముకు రాకపోతే 112కి ఫోన్ చేయమని చెప్పండి. పాలిథిన్ కవర్లో ఒక పొడి చొక్కా, తువ్వాలు పెట్టుకోండి, తడిసి గాలికి నిలబడితే వచ్చే వణుకు మామూలుగా ఉండదు. అనుమతి లేకుండా అడవిలోకి వెళ్తే కేసు సంగతి అటుంచి, మీరు ఎక్కడున్నారో వెతికేవాళ్లకు తెలియదు.

ఈ కొండల్లోని తీర్థాలు, అంటే పుణ్యస్నానాలు చేసే గుండాలు, చూడాలనే ఉంటే ఇంకొంచెం ఆగండి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థ ముక్కోటి, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి అనే పండగలు వస్తాయి. అప్పటికి వానలు తగ్గిపోతాయి, దారిలో మనుషులూ సిబ్బందీ ఉంటారు, తీర్థాల్లో నీళ్లు కూడా అడుగు కనపడేలా తేటపడి ఉంటాయి.