జర్మన్ స్కేటర్ కెరీర్‌ని మార్కుల షీట్లో చదవడం ఎలా

ఎంసెట్ కాలంలో పెరిగినవాళ్లం కదా, ఏ పోటీ చూసినా ముందు "ర్యాంకెంత?" అనే నోటికొస్తుంది. ఫిగర్ స్కేటింగ్‌లో, అందులోనూ జర్మన్ అమ్మాయిల విషయంలో, ఆ అలవాటు కాసేపు పక్కన పెట్టండి. నికోల్ షాట్ 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో 18వ స్థానం, 2022 బీజింగ్‌లో 17వ స్థానం. ఈ రెండంకెలు చూసి మధ్యలో నాలుగేళ్లు ఆమె ఏం చేసిందో ఎవరైనా చెప్పగలరా?

నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తాను. పగలంతా ఎక్సెల్ షీట్లు, సాయంత్రం స్కేటర్ల మార్కుల షీట్లు. మా ఆయన నవ్వుకుంటారు గానీ, ఓ పిల్ల ఎదుగుతోందా, అక్కడే ఆగిపోయిందా అన్నది తెలిసేది ఇక్కడే.

ముందు షీటు సంపాదించాలి. పోటీ ఫలితాల పేజీలో ర్యాంకుల పట్టిక కింద 'జడ్జెస్ డీటెయిల్స్ పర్ స్కేటర్' అని ఓ పీడీఎఫ్ ఉంటుంది. ఒక్కొక్క స్కేటర్‌కి ఒక్కో పట్టిక. అందులో కింద ఉండే కాంపోనెంట్ మార్కులు, అంటే ప్రోగ్రాం కూర్పుకి, ప్రదర్శనకి, స్కేటింగ్ నైపుణ్యానికి ఇచ్చేవి, మొదట్లో చూడకండి. ఒక పోటీలో జడ్జీలు ధారాళంగా ఇస్తారు, ఇంకోచోట పిసినారితనం చేస్తారు. పైన ఉన్న జంపుల వరసలే మనకి కావాలి.

ఒక వరస తీసుకుందాం. ట్రిపుల్ లట్జ్, వెంటనే ట్రిపుల్ టో లూప్: రెండూ గాల్లో మూడు చుట్లు తిరిగే జంపులే. లట్జ్ విలువ 5.90, టో లూప్ 4.20, మొత్తం 10.10. శుభ్రంగా దిగి, జడ్జీలు మైనస్ ఐదు నుంచి ప్లస్ ఐదు దాకా వేసే నాణ్యత మార్కుల సగటు ప్లస్ రెండు వస్తే, పెద్ద జంపు విలువలో ఒక్కో మెట్టుకి పది శాతం లెక్కన 1.18 కలిసి 11.28 అవుతుంది. అదే టో లూప్ పక్కన < గుర్తు పడిందనుకోండి. పావు చుట్టుకి మించి తగ్గిందని టెక్నికల్ ప్యానెల్ తేల్చినట్టు. అప్పుడు టో లూప్‌కి 80 శాతమే, అంటే 3.36. పైగా జడ్జీలు మైనస్ రెండు వేస్తే మొత్తం 8.08కి దిగుతుంది. టీవీలో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, పిల్ల పడను కూడా పడదు. తేడా మాత్రం 3.20. క్యూ అని ఉంటే సరిగ్గా పావు చుట్టు తక్కువ. దానికి అసలు విలువ తగ్గదు, జడ్జీలే కోస్తారు. << ఉంటే ఆ ట్రిపుల్‌ని డబుల్‌గా లెక్కేశారని అర్థం.

ఇప్పుడు అసలు పని. ఒక నోట్‌బుక్‌లో ఆ పిల్ల లట్జ్ ఒక్కటే తీసుకుని, పోటీ తర్వాత పోటీ రాసుకుంటూ పోండి. << నుంచి <, < నుంచి క్యూ, ఆ తర్వాత ఏ గుర్తూ లేకపోవడం: ర్యాంకు 14 నుంచి 16కి జారినా సరే, ఆ సీజన్ బాగా నడిచినట్టే. ఇంకొకటి, ఎక్స్ గుర్తు. ఫ్రీ స్కేటింగ్‌లో (పోటీలో ఉండే రెండు ప్రోగ్రాంలలో పొడవైనది; చిన్నది షార్ట్ ప్రోగ్రాం) రెండో సగంలో చేసే చివరి మూడు జంపులకి విలువ పది శాతం పెరుగుతుంది. మొదట్లో చేసే పెద్ద కాంబినేషన్‌ని అక్కడికి జరిపిందంటే కోచ్‌కి, ఆమెకి ఇద్దరికీ ధైర్యం వచ్చిందన్నమాట.

పద్నాలుగు, పదిహేనేళ్లప్పుడు ఎత్తు పెరిగి, ఉన్న జంపులు కూడా పోతాయి. అప్పుడు ఒక్క సీజన్ షీట్లు చూసి "అయిపోయింది పాపం" అనకండి. కనీసం రెండు సీజన్లు ఆగండి. సీజన్ జులై 1న మొదలవుతుందని గుర్తుంచుకోండి, జనవరిలో కాదు. సీనియర్ అంతర్జాతీయ పోటీలకి కనీస వయసు 17కి పెంచారు కాబట్టి, ఇప్పుడు అలా ఆగే అవకాశం కూడా ఉంది. మంచి నిర్ణయం, ఇంకా ముందే చేయాల్సింది.

జంటల్లో అయితే లెక్క వేరు. భాగస్వామి మారితే ఫలితాల పేజీ మళ్లీ మొదటి నుంచి మొదలైనట్టు కనిపిస్తుంది. జర్మన్ జంటల స్కేటర్ మినెర్వా హాసె పేరు ఇప్పటి భాగస్వామి నికితా వొలోదిన్‌తో మాత్రమే వెతికితే, అంతకుముందు నోలన్ జేగర్ట్‌తో చేసిన ఏళ్లన్నీ కనబడవు. ఇద్దరి పేర్లూ విడివిడిగా వెతకాలి. షీటు ఎంత దూరం లాక్కెళుతుందో తెలియాలంటే 2018 ఒలింపిక్స్‌లో జర్మన్ జంట అల్యోనా సావ్చెంకో, బ్రూనో మస్సో షార్ట్ ప్రోగ్రాం తీయండి. బ్రూనో ట్రిపుల్ సాల్కోని డబుల్‌గా దింపేశాడు, 76.59తో నాలుగో స్థానం. మర్నాడు ఫ్రీలో 159.31 తెచ్చుకుని, చైనా జంటని 0.43 తేడాతో దాటి బంగారం కొట్టారు.

కళ్లారా చూడాలంటే సెప్టెంబరులో ఒబెర్స్ట్‌డోర్ఫ్‌లో జరిగే నెబెల్‌హార్న్ ట్రోఫీకి వెళ్లండి. 1969 నుంచి ఉన్న పోటీ. మ్యూనిక్ నుంచి రైల్లో సుమారు రెండున్నర గంటలు. బయట ఎండగా ఉందని పల్చటి బట్టల్లో వెళ్తే లోపల వణుకుతారు, స్వెటరూ సాక్సూ తప్పనిసరి. పోటీకి ముందు ఆరు నిమిషాల వార్మప్ మాత్రం మిస్ కావద్దు. ఆ పిల్ల ముందు ఏ జంపు ప్రయత్నిస్తోంది, పడ్డాక మళ్లీ అదే చేస్తోందా, తేలికైన దానికి మారిపోతోందా చూడండి. టెన్షన్ అంతా అక్కడే తెలిసిపోతుంది.

వెళ్లడం కుదరనివాళ్లకి జూనియర్ గ్రాండ్ ప్రి పోటీలు యూట్యూబ్‌లో ఉంటాయి. వీడియో వేగం పావుకి తగ్గించి, బ్లేడు మంచుకి తాకిన క్షణం దగ్గర ఆపండి. కాలు ఎటు తిరిగి ఉందో చూసి, < పడుతుందో లేదో ముందు మీరే నోట్‌బుక్‌లో రాసుకోండి. షీటు తర్వాత తెరవండి.