పాత ఫ్యాను పారేయకుండా కాపాడుకున్నా

మే నెల బెజవాడ ఎండల్లో మా హాల్లో ఫ్యాను నీరసపడింది. ఐదులో పెట్టినా గాలి కిందికి రాదు. కొత్తది కొనేద్దామన్నారు మావారు. మోటారులో రాగి తీగ చుట్ట (వైండింగ్) ఉన్న బరువైన ఫ్యాను అది, పాత సామాన్లవాడికి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు.

స్విచ్చి ఆపి రెక్కని చేత్తో తిప్పి చూశాను. ఎక్కడా పట్టేయకుండా, చప్పుడు లేకుండా తిరిగింది. అంటే బేరింగులు బాగున్నట్టే. ఇక అనుమానం మోటారుకి ఊపునిచ్చే చిన్న భాగం, కెపాసిటర్ మీదే. ఏళ్ల తరబడి వేడికి దాని సామర్థ్యం తగ్గిపోతుంది. మోటారుకి ఊపు చాలక ఫ్యాను నిదానిస్తుంది, ఒక్కోసారి కర్రతో తోస్తేగానీ కదలదు.

స్విచ్చి ఒక్కటే కాదు, మెయిన్ కూడా ఆపాలి. ఇది మాత్రం ఎవరూ అశ్రద్ధ చేయొద్దు. కరెంటు ఆపినా కెపాసిటర్‌లో ఛార్జి మిగిలి ఉండొచ్చు, అందుకే సీలింగు దగ్గరుండే గిన్నె లాంటి మూత కిందికి జార్చి, ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవర్‌తో దాని రెండు కొనలూ కలిపి, ఆ తర్వాతే ముట్టుకున్నాను. వైర్లు ఎలా ఉన్నాయో ఫోన్లో ఫొటో తీసుకుని, పాతది విప్పాను.

దాన్నే గవర్నర్‌పేట షాపుకి పట్టుకెళ్లాను. మా కెపాసిటర్ సామర్థ్యం 2.5 మైక్రోఫారడ్. మీ దాని మీద ఎంత రాసుంటే అంతే తీసుకోండి. వేగం కోసం పెద్దది వేస్తే వైండింగ్ వేడెక్కి మోటారే పోతుంది. కొత్త ఫ్యాను ధరతో పోలిస్తే దీనికి అయిన ఖర్చు లెక్కలోకే రాదు. రెండు వైర్లకీ ప్లస్సు మైనస్సు తేడా లేదు, బిగించి టేపు చుడితే చాలు.

పనిలో పనిగా చిరిగిన దిండు గలీబు తొడిగి రెక్కలు తుడిచేశాను. దుమ్మంతా మంచం మీద రాలకుండా అందులోనే పడింది.