అమీర్ ఖాన్ మార్వా మళ్లీ వినబడింది

నాన్న దాచుకున్న హిందుస్తానీ గాయకుడు ఉస్తాద్ అమీర్ ఖాన్ ఎల్పీ రికార్డు బీరువా అడుగున దొరికింది. ఒకవైపు మార్వా రాగం, ఇంకోవైపు దర్బారీ రాగం. మార్వా పెడితే, నెమ్మదిగా సాగే విలంబిత్ భాగమంతా చిటపటలే. స్వరానికీ స్వరానికీ మధ్య అంత నిశ్శబ్దం వదిలే గాయకుడాయన. రొదంతా ఆ నిశ్శబ్దంలోనే. వెలుతురులో ఏటవాలుగా పట్టి చూస్తే గాడుల్లో తెల్లటి బూజు.

కుళాయి నీళ్లు వాడలేదు, ఆరాక లవణాలు గాడుల్లోనే మిగులుతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు కలిపి, వెల్వెట్ గుడ్డతో గాడుల వెంబడే గుండ్రంగా తుడిచాను. లేబుల్ తడవనివ్వలేదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, రాత్రంతా నిలబెట్టి ఆరబెట్టాను. లోపలి కాగితం కవరుకూ బూజే, మార్చేశాను.

పొద్దున్నే పెట్టాను. కోమల రిషభ స్వరం మీద ఆయన ఆగినప్పుడు వెనక తాన్పురా (తంబురా) ఒక్కటే వినబడింది. దర్బారీ వైపు ఒక టిక్ మాత్రం పోలేదు, అది రికార్డు మీద పడిన గీత.