పాత కారు డ్యాష్‌బోర్డ్ బటన్లు అరిగిపోయాయా? ఇలా బాగుచేసుకోండి

ముందు రాత్రి పూట ఒకసారి కారులో కూర్చోండి. ఇంజన్ అక్కర్లేదు, పార్కింగ్ లైట్లు వేస్తే చాలు, డ్యాష్‌బోర్డ్ బటన్లన్నీ వెలుగుతాయి. పగలు చూస్తే ఏవో నాలుగు గీతలు పడ్డాయిలే అనిపించే బటన్లు చీకట్లో అసలు రంగు బయటపెడతాయి. గుర్తు చుట్టూ నలుపు లేచిపోయిన చోటల్లా తెల్లగా వెలుతురు కారుతుంటుంది, కొన్ని బటన్లు అసలు వెలగవు. అలాగే కూర్చుని ఒక్కో బటన్‌నీ నొక్కి చూడండి. ఏది మెత్తగా దిగిపోతోంది, ఏది రెండోసారి నొక్కితే గానీ పలకడం లేదు, ఏది ఒకసారి నొక్కితే రెండు మెట్లు దూకుతోంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఎందుకంటే పైన రంగు పోవడం ఒక జబ్బు, లోపల కాంటాక్ట్, అంటే నొక్కినప్పుడు కరెంటు కలిసే చోటు, పోవడం వేరే జబ్బు. చాలామంది రెంటినీ కలిపేసి, రంగు వేసి బిగించేశాక బటన్ పనిచేయడం లేదని మళ్లీ అంతా విప్పుతారు.

వెలిగే బటన్ అంటే పైకి నల్లగా కనిపించినా అసలు ప్లాస్టిక్ తెల్లది, వెలుతురు దూరేది. దాని మీద నల్ల రంగు కొట్టి, గుర్తు ఉండాల్సిన చోట లేజర్‌తో ఆ నలుపుని తీసేస్తారు. అంటే గుర్తు అనేది అచ్చు వేసింది కాదు, రంగు లేని చోటు. వేళ్ల చెమట, చేతులకి రాసుకున్న క్రీము, శానిటైజర్, వీటితో నలుపు మెత్తబడుతుంది, గోరు మిగతా పని పూర్తి చేస్తుంది. అందుకే ఎప్పుడూ వాడే ఏసీ బటన్, వాల్యూమ్, డ్రైవర్ వైపు విండో స్విచ్ ముందు పోతాయి.

కొన్ని కార్లలో బటన్ల మీద రబ్బరులాంటి మెత్తటి పూత ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది బెల్లం పాకంలా జిగురు తేలుతుంది. దాన్ని కాపాడాలని చూడకండి, తీసేయడమే మందు. బటన్ విప్పాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఓపికగా రుద్దితే ముద్దలు ముద్దలుగా వచ్చేస్తుంది. కాకపోతే దాంతోపాటు గుర్తు కూడా పోతుందని ముందే తెలుసుకోండి. థిన్నర్, గోళ్ల రంగు చెరిపే ద్రవం మాత్రం దగ్గరికి రానివ్వొద్దు, వాటిలోని అసిటోన్ లాంటివి ప్లాస్టిక్‌ని కరిగిస్తాయి, లేదంటే సన్నటి పగుళ్లు తెప్పిస్తాయి.

ఇక విప్పడం. విప్పే ముందు ఆడియో సిస్టమ్‌కి కోడ్ ఉందేమో చూసి రాసుకోండి, కొన్ని పాత సెట్లు బ్యాటరీ తీస్తే కోడ్ అడుగుతాయి. తర్వాత బ్యాటరీ నెగటివ్ వైరు తీసి కనీసం 10 నిమిషాలు ఆగండి, మాన్యువల్‌లో ఇంకా ఎక్కువసేపు ఆగమని ఉంటే అంతసేపూ ఆగాలి. ఇది ఎయిర్‌బ్యాగ్ కోసం. పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌ది, దాన్ని తీయొద్దు, మల్టీమీటర్ పెట్టి చూడొద్దు. స్టీరింగ్ మీది బటన్లకి చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్‌నే బయటికి తీయాలి కాబట్టి ఆ పని తెలిసిన మెకానిక్‌కి వదిలేయండి, ఇందులో మొహమాటం ఏమీ లేదు.

ప్యానెల్ ఊడదీయడానికి ఇనుప స్క్రూడ్రైవర్ వాడితే డ్యాష్‌బోర్డ్ మీద కొత్త మచ్చ ఖాయం. ప్లాస్టిక్ పట్టీ లాంటి పనిముట్టు వాడండి, అంచున మాస్కింగ్ టేప్ అతికించండి. చల్లటి పూట పాత ప్లాస్టిక్ క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే సాగుతాయి. ఎంత లాగినా రాకపోతే ఎక్కడో స్క్రూ దాక్కుని ఉందని అర్థం, యాష్‌ట్రే వెనకో, చిన్న మూత కిందో వెతకండి. పాత ఏసీ ప్యానెల్ వెనక నాబ్‌లకి తీగలు తగిలించి ఉండొచ్చు, ఒక్కసారిగా గుంజితే అవి ఊడతాయి. ప్రతి కనెక్టర్‌నీ తీసేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

బటన్ టోపీలు, అంటే వేలు తగిలే పై ప్లాస్టిక్ ముక్కలు, బయటికి వచ్చాక వాటిని మాత్రమే గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే ద్రవంతో కడగండి. ఎప్పుడో ఒలికిన టీ ఎండిపోయి బటన్ అతుక్కుపోయిన కేసులు సగం ఇక్కడితోనే తీరిపోతాయి.

నలుపు చుక్క చుక్కగా పోయి గుర్తు బాగానే ఉంటే మొత్తం రంగు వేయకండి. మ్యాట్ నలుపు యాక్రిలిక్ రంగు కొద్దిగా తీసుకుని, టూత్‌పిక్ కొసతో లేచిపోయిన చోట మాత్రమే తాకించండి. వెనక ఫోన్ టార్చ్ పెట్టి చూస్తూ చేస్తే వెలుతురు కారే చోటు స్పష్టంగా తెలుస్తుంది. పగలు చూస్తే కాస్త అతుకులా ఉంటుంది, రాత్రి మాత్రం ఎవరూ కనిపెట్టలేరు. ఇంకో చిట్కా, వెనక డోర్ల విండో స్విచ్‌లు అచ్చంగా ఒకేలా ఉండి ఒకటి అరిగితే, ఎవరూ కూర్చోని వైపు టోపీ ఇటు మార్చేయండి.

గుర్తు కూడా పోతే మూడు దారులు. మీ మోడల్‌కి తగ్గట్టు కోసిన స్టిక్కర్లు దొరికితే అది తేలిక, కానీ రోజూ నొక్కే బటన్ మీద కొన్నాళ్లకి అంచులు లేస్తాయి. రెండోది, పాత నలుపు అంతా తీసేసి, గుర్తు ఆకారంలో కోసిన వినైల్ ముక్కని తెల్ల ప్లాస్టిక్ మీద అతికించి, పైన నలుపు కొట్టి, రంగు పూర్తిగా గట్టిపడకముందే ఆ ముక్కని మెల్లగా లేపేయడం. మూడోది, మొత్తం నలుపు కొట్టి లేజర్ చెక్కే మెషిన్ ఉన్నవాళ్లకి ఇవ్వడం. అన్నిటికన్నా నీట్‌గా వచ్చేది ఇదే. కాకపోతే పవర్ ఎక్కువైతే కింద తెల్ల ప్లాస్టిక్ మాడుతుంది, పనికిరాని టోపీ మీద ముందు ట్రయల్ వేయమనండి.

రంగు వేసేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదటిసారి నేను బటన్‌ని పుల్లకి గుచ్చి, నాలుగు పక్కలా శుభ్రంగా, ముద్దొచ్చేలా రంగు కొట్టాను. బిగించాక వెనక అద్దం వేడి చేసే బటన్ నొక్కితే లోపలికి వెళ్లింది, ఇక బయటికి రాలేదు. బటన్‌కీ దాని గూడుకీ మధ్య సందు వెంట్రుకవాసి, రెండు పొరల రంగు చాలు అది పూడుకుపోవడానికి. పక్కలు గీకి మళ్లీ బిగించేసరికి ఒక పూట పోయింది. కాబట్టి పక్కలకి మాస్కింగ్ టేప్ చుట్టి పైముఖానికి మాత్రమే వేయండి. ముందు 800 నంబరు గరుకు కాగితంతో తడిగా, తేలిగ్గా రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి, ఒక అడుగు దూరం నుంచి పల్చగా మూడు నాలుగు పొరలు కొట్టండి, పొరకీ పొరకీ మధ్య 15 నిమిషాలు ఆగండి (డబ్బా మీద వేరే టైము రాసి ఉంటే అదే పాటించండి). చివర టార్చ్ పరీక్ష, ఎక్కడా వెలుతురు కారకూడదు. పైన మ్యాట్ క్లియర్ కోటు, అంటే మెరుపు లేని పారదర్శకమైన పూత, తప్పనిసరి, లేకపోతే కొత్త నలుపు కూడా గోటికి లేచిపోతుంది. హార్డెనర్ (పూతని గట్టిపరిచే రసాయనం) కలిపే రకం గట్టిది గానీ దాని ఆవిరి ఊపిరితిత్తులకి ప్రమాదం, దుమ్ము మాస్కు సరిపోదు, సరైన రెస్పిరేటర్ లేకపోతే మామూలు రకంతో సరిపెట్టుకోండి. తాకితే ఆరినట్టే ఉంటుంది, అయినా మూడు రోజులు ముట్టుకోకుండా ఉండండి.

ఇప్పుడు లోపలి జబ్బు. చాలా ప్యానెళ్లలో బటన్ల కింద రబ్బరు షీటు ఉంటుంది, ప్రతి బటన్ కింద ఒక నల్లటి కార్బన్ బిళ్ల. అది బోర్డు మీది గీతల్ని తాకితేనే పని జరుగుతుంది. ఇయర్‌బడ్‌కి ఆల్కహాల్ తడిపి బిళ్లనీ, బోర్డునీ తుడవండి, గట్టిగా రుద్దితే కార్బనే ఊడుతుంది. బిళ్ల నున్నగా అరిగిపోతే, రిమోట్ల కీప్యాడ్లకి వాడే కరెంటు పారే పూత ఒకటి దొరుకుతుంది, పల్చగా పూసి ఒక రోజు ఆరనివ్వండి. పెన్సిల్ గీస్తే పనిచేస్తుందని చెబుతారు, నిజమే, కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత ఆ పొడి బోర్డు మీద రాలి కొత్త తలనొప్పి తెస్తుంది. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు కూడా వద్దు, జిడ్డు మిగిలి దుమ్ము పట్టిస్తాయి.

రబ్బరు లేకుండా టక్ టక్‌మనే చిన్న స్విచ్‌లు ఉంటే అవి సాధారణంగా 6 మి.మీ. చదరపువి, నాలుగు కాళ్లు ఉంటాయి. మధ్య కాడ ఎత్తు మాత్రం స్విచ్‌ని బట్టి మారుతుంది, పాతదాన్ని కొలిచే కొత్తది తెచ్చుకోండి, అర మిల్లీమీటరు తేడా వచ్చినా బటన్ వదులుగానో, ఎప్పుడూ నొక్కినట్టుగానో అయిపోతుంది. సోల్డరింగ్ అలవాటు లేకపోతే మొబైల్ రిపేరు చేసేవాళ్లకి బోర్డు ఒక్కటీ ఇచ్చినా సరిపోతుంది.

విండో స్విచ్‌ల సంగతి వేరు. చాలా పాత కార్లలో మోటారు కరెంటు అంతా ఆ స్విచ్‌లోంచే పోతుంది, నిప్పురవ్వలకి రాగి ముక్కలు నల్లబడి మాడతాయి. సన్నటి గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, ప్లాస్టిక్‌కి హాని చేయని కాంటాక్ట్ క్లీనర్ కొడితే చాలాసార్లు బాగుపడతాయి. విప్పేటప్పుడు మాత్రం స్విచ్‌ని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచీలో పెట్టి, చేతులు లోపలికి పెట్టి విప్పండి. లోపల ఆవగింజంత స్ప్రింగు, దాని కొసన చిన్న గుండు ఉంటాయి, మూత లేవగానే అవి ఎగిరి ఎటో పోతాయి, ఇక మోకాళ్ల మీద పాకుతూ వెతుక్కోవడమే.

ప్యానెల్ ఎలాగూ విప్పారు కాబట్టి వెలగని బల్బులు ఇప్పుడే మార్చండి, ఒకటి పోయిందంటే మిగతావి కూడా వయసు మీరినవే. హోల్డర్‌ని పావు వంతు తిప్పితే బయటికి వస్తుంది. పాత బల్బు మీద రంగు రబ్బరు తొడుగు ఉంటే కొత్త దానికి తొడగండి. ఎల్‌ఈడీ వేస్తే అది వెలగకపోయినా కంగారు పడకండి, తీసి 180 డిగ్రీలు తిప్పి పెట్టండి, దానికి ప్లస్ మైనస్ పట్టింపు ఉంది.

క్లిప్పులు నొక్కేయకముందే కనెక్టర్లన్నీ పెట్టి, బ్యాటరీ తగిలించి, మొదట రాసుకున్న కాగితం తీసి ఒక్కో బటన్‌నీ చూడండి. హజార్డ్ బటన్ రెండుసార్లు నొక్కండి, లోపలికి పోయి ఇరుక్కుంటే ప్రమాదం అదే. బ్యాటరీ తీయడం వల్ల విండో ఒక్క నొక్కుకి పూర్తిగా లేవడం మానేస్తే, కొత్తగా ఏదో పాడుచేశానని హడలిపోకండి. అద్దం పూర్తిగా పైకి వెళ్లాక కూడా స్విచ్‌ని కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే చాలా కార్లలో మళ్లీ దారిలో పడుతుంది.