కాలిఫోర్నియాలో అద్దె డిపాజిట్ ఎలా రాబట్టానంటే

అక్కడి చట్టం ప్రకారం ఇల్లు ఖాళీ చేశాక 21 రోజుల్లోగా ఓనర్ డిపాజిట్ వెనక్కివ్వాలి. కోత పెడితే దేనికెంతో లెక్క రాసివ్వాలి. మా ఓనర్ రెండూ చేయలేదు. ఫోన్ చేస్తే ఇదిగో అదిగో అనడమే.

ఫలానా తేదీలోగా 2,400 డాలర్లు ఇవ్వకపోతే కేసు వేస్తానని ముందు ఉత్తరం పంపాను. ఉలుకూ పలుకూ లేదు. దాంతో కేసు వేసే ఎస్‌సీ-100 ఫారం నింపి, ఆ ఇల్లున్న కౌంటీ (జిల్లా లాంటిది)లోని స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో, అంటే చిన్న మొత్తాల కేసులు చూసే కోర్టులో ఇచ్చాను. ఫీజు 50 డాలర్లు. గెలిస్తే అదీ అడగొచ్చు. లాయర్ గొడవ లేదు, విచారణలో ఎవరి తరఫునా లాయర్ వాదించకూడదు.

చిక్కంతా ఓనర్‌కి కేసు కాగితాలు అందజేయడంలోనే ఉంది. మనమే వెళ్లి ఇస్తే చెల్లదు. కేసుతో సంబంధం లేని, 18 ఏళ్లు నిండిన వేరే మనిషి ఇవ్వాలి. మా ఫ్రెండ్ ఇచ్చొచ్చి, కాగితాలు అందజేశానని చెప్పే ఎస్‌సీ-104 ఫారం మీద సంతకం పెట్టాడు. దాన్ని కోర్టులో దాఖలు చేశాకే టెన్షన్ తగ్గింది.

విచారణలో గోడు వెళ్లబోసుకునేంత టైమ్ ఉండదు. కార్పెట్ పాడైందన్నాడు ఓనర్. ఖాళీ చేసిన రోజు తీసిన ఫోటోల ప్రింట్లు ముందుపెట్టాను. "మరి రిపేరు రసీదు ఏది?" అన్నారు జడ్జి. ఓనర్ దగ్గర లేదు.

తీర్పు నాకు అనుకూలంగానే పోస్టులో వచ్చింది. డబ్బు మాత్రం కోర్టు వసూలు చేసిపెట్టదు, మనమే వెంటపడాలి. అప్పీలు గడువు ముగిశాక ఓనర్ చెక్కు పంపాడు.