ఆయన తనను ప్రేమిస్తున్నాడని ఇంట్లో ఒకరు నమ్ముతుంటే

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఒక బ్యాంకు అధికారి తనను రహస్యంగా ప్రేమిస్తున్నాడని మా చెల్లెలి నమ్మకం. ఆయన నీలం చొక్కా వేసుకొస్తే అది తనకు సంకేతం. పలకరించకపోతే, నలుగురిలో బయటపడకూడదని ఊరుకున్నట్టు. మీ ఇంట్లోనూ ఇలాంటి మాటలు వినిపిస్తే ఆమెను తిట్టకండి. ఇది జబ్బు. వైద్యులు ఎరోటోమేనియా అంటారు.

1921లో ఫ్రెంచి వైద్యుడు క్లెరాంబో దీన్ని వివరంగా రాశాడు. బ్రిటన్ రాజు ఐదో జార్జి తనను ప్రేమిస్తున్నాడని క్లెరాంబో పరీక్షించిన ఒక మహిళ నమ్మేది. మన విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) పేరిచ్చిన రాజే. రాజభవనంలో కిటికీ తెర కదిలినా ఆమెకు అది సైగే. ఈ జబ్బులో కాదనడం కూడా ప్రేమకు రుజువుగానే కనబడుతుంది. కాబట్టి ఆమె చెప్పే ఆ మనిషిని ఎదురుగా నిలబెట్టి "లేదు" అనిపిస్తే తీరిపోతుందనుకోవద్దు.

వాదించకండి, అలాగని అవుననకండి. "నాకు అలా అనిపించడం లేదమ్మా. కానీ నువ్వు రాత్రులు నిద్రపోవడం లేదు, నాకు భయంగా ఉంది" అనండి. డాక్టరు దగ్గరికి రమ్మని అడగడానికి ఆ నిద్రే దారి. పెళ్లి చేస్తే కుదురుకుంటుందని బంధువులు తప్పక అంటారు. దయచేసి వినకండి, ఇంకో జీవితాన్ని కూడా కష్టంలోకి లాగినట్టవుతుంది.

చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ గేటు దగ్గర ఎవరైనా చూస్తారని ఆగిపోకండి. ఎప్పుడు మొదలైంది, నిద్ర ఎలా ఉంది, ఏ మందులు వాడుతోంది, ఇంకెవరి మీదైనా అనుమానాలున్నాయా అన్నవి రాసుకుని వెళ్లండి. ఇది విడిగా రావచ్చు, స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి మానసిక జబ్బుల్లో భాగంగానూ రావచ్చు; ఆ తేడా తేల్చేది డాక్టరే. ముందుగా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే. చనిపోతాననడం, ఎవరి మీదికైనా వెళ్లడం మొదలైతే ఆలస్యం చేయకుండా 112కు చేయండి.

అవతలి మనిషిని మరిచిపోకండి. ఆయన తప్పేమీ లేదు, ఆయనకూ భయముంటుంది. ఇంటి పెద్దలెవరైనా కలిసి విషయం చెప్పి, ఆమె సందేశాలకు జవాబివ్వవద్దని కోరండి.

మాత్రలు అన్నంలో కలిపి పెట్టవద్దు. తెలిసిందంటే మీ చేతి అన్నం కూడా ముట్టదు. నమ్మకం ఒక్కసారిగా పోదు. ముందు దాని గురించి ఆలోచించే సమయం తగ్గుతుంది. అడిగితే మా చెల్లెలు ఇప్పటికీ "ప్రేమిస్తున్నాడు" అనే అంటుంది, కానీ ఆ బ్యాంకు వైపు వెళ్లడం మానేసింది. అంతమాత్రాన మందులు ఆపేయలేదు. మీరూ డాక్టరు చెప్పేదాకా ఆపకండి.