కలర్ పెన్సిళ్లు, ఐదో పాఠం: నొక్కితే అన్ని డబ్బాలూ ఒకటే

ఈసారి ఎండ పరీక్ష, అంటే ఏ రంగు ఎండకి వెలుస్తుందో చూసే పద్ధతి, మొత్తం చెబుదామనుకున్నాను. కుదరదు. నాలుగో పాఠంలో షేడ్ కార్డు, అంటే డబ్బాలోని ఒక్కో రంగునీ గళ్లలో వేసి చూసుకునే కార్డు, చేయమంటే చాలామంది చేసి పంపారు, సంతోషం. కానీ వాటిలో ముప్పాతిక వంతు కార్డులు చూసి ఏ డబ్బా మంచిదో చెప్పడం ఎవరివల్లా కాదు. భీమవరం నుంచి ఒకాయన రెండు కార్డులు పంపారు. ఒకటి బడిపిల్లల డబ్బాతో వేసింది, రెండోది దానికి ఆరేడు రెట్లు ధర పెట్టి కొన్న డబ్బాతో. రెండింటిలోనూ ఎరుపు ఒకేలా నిగనిగలాడుతోంది. కింద ఆయన మాట: "తేడా ఏం లేదండీ, డబ్బులు దండగ." కార్డు వెనక్కి తిప్పి చూస్తే గళ్లన్నీ ఉబ్బి వేలికి తగులుతున్నాయి. అంత గట్టిగా నొక్కారన్నమాట.

కాబట్టి ముందు ఈ నొక్కుడు సంగతి తేల్చుకుందాం. పెన్సిల్ లోపలి లెడ్‌లో ఉండేది రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే మైనమో నూనో, కాస్త జిగురు. మిగతాదంతా తెల్ల బంకమట్టి, సుద్ద, టాల్క్ లాంటి సరుకు. చవక పెన్సిల్లో ఈ సరుకు ఎక్కువ, రంగు పొడి తక్కువ. ధరలో తేడా ముఖ్యంగా అక్కడే వస్తుంది. మీరు గట్టిగా నొక్కితే ఏమవుతుంది? ఆ తక్కువ రంగే కాగితం మీద మందంగా పేరుకుపోయి ముదురుగా కనిపిస్తుంది. అంటే ఏ లోపం కనిపెట్టాలని పరీక్ష పెట్టామో, దాన్ని మన చెయ్యే కప్పేస్తోంది.

కాగితం వైపు నుంచి కూడా చూడండి. డ్రాయింగ్ పేపరు నున్నగా అనిపించినా దాని మీద సన్నటి మిట్టలూ పల్లాలూ ఉంటాయి. మెల్లగా గీస్తే రంగు మిట్టలకే అంటుతుంది, పల్లాలు తెల్లగా మిగులుతాయి. దాని మీద ఇంకో వరస, ఈసారి అడ్డంగా వేస్తే కొన్ని పల్లాలు నిండుతాయి. మూడో వరస ఐమూలగా. ఇలా రంగు లోతు పెరుగుతూ పోవాలి. మొదటి దెబ్బకే నొక్కేస్తే మిట్టలు అణిగిపోయి, పైన మైనం పొరలా పరుచుకుంటుంది. ఆ తర్వాత ఏ రంగు వేసినా జారిపోతుందే తప్ప పట్టదు. నొక్కి మెరుపు తేవడం తప్పు పని కాదు, నేనూ చేస్తాను. కానీ అది బొమ్మంతా అయిపోయాక చేసే పని. వంటింట్లో తాలింపు ముందే వేసేసి పప్పు తర్వాత ఉడకబెడతామా?

చేతిని అదుపులో పెట్టడానికి నా చిట్కా ఒకటే. పెన్సిల్‌ని మొన దగ్గర కాకుండా వెనక, సగం దాటాక పట్టుకోండి. నొక్కుదామన్నా బలం రాదు. పెన్సిల్ సొంత బరువుతోనే గీత పడాలి. మొన మాత్రం వాడిగా ఉండాలి, మొద్దు మొన పల్లాల్లోకి దిగదు. చెక్కడం గురించి నేనేం చెప్పను, అది మీ అందరికీ వచ్చు. నేను బ్లేడుతో చెక్కుతాను, షార్పనర్ అంటే నాకు పడదు.

ఇప్పుడు సరైన కార్డు. ఒక్కో షేడ్‌కీ వరసగా ఆరు గళ్లు, సెంటీమీటరు చొప్పున. మొదటి గడిలో ఒక వరస, రెండో దానిలో రెండు, అలా ఆరు దాకా. వేశాక చేయి చాచి దూరంగా పెట్టి చూడండి. ఏ గడి దగ్గర రంగు ముదరడం ఆగిపోయిందో అదే ఆ పెన్సిల్ సత్తా. మూడో గడికే ఆగిపోతే అది పిల్లల లెక్కల పుస్తకానికి సరిపోతుంది. అయిదు దాకా లాగితే ధర ఎంతైనా, డబ్బా మీద ఎవరి పేరున్నా తీసుకోండి. మధ్యలో మొన కింద గరగరమంటూ రంగు లేని గీరు పడిందంటే లెడ్‌లో రాయి లాంటి పలుకు ఉన్నట్టు. ఒక పెన్సిల్లో వస్తే వదిలేయండి, నాలుగిట్లో వస్తే డబ్బానే వదిలేయండి.

రాజోలు నుంచి ఒకావిడ తన కార్డుకి బూజు పట్టిందని బాధపడ్డారు. వానాకాలం, పైగా కోనసీమ. బూజు అనుకోవడంలో వింతేం లేదు. కానీ ఫొటోలో తెల్లటి పొర నొక్కి వేసిన గళ్ల మీదే ఉంది, పక్కన ఖాళీ కాగితం శుభ్రంగా ఉంది. అది బూజు కాదండీ, మైనం. మైనం ఎక్కువున్న పెన్సిల్‌తో మందంగా రుద్దితే కొన్ని రోజులకు ఆ మైనం పైకి తేలి, ముదురు రంగుల మీద పలచని మసకలా కనిపిస్తుంది. ప్రిస్మాకలర్ లాంటి పేరున్న మెత్తటి మైనం పెన్సిళ్లలో కూడా ఇది ఉంది, చవక సరుకు లక్షణం అనుకోవద్దు. మెత్తని నూలు గుడ్డతో తుడిస్తే పోతుంది. మళ్లీ వస్తే మళ్లీ తుడవండి. నూనె కలిపి చేసే పాలిక్రోమోస్ లాంటి వాటిలో ఈ బెడద ఉండదనే చెప్పొచ్చు. బూజైతే గడి, ఖాళీ అని చూడదు, చుక్కలు చుక్కలుగా కాగితమంతా పాకుతుంది, ముక్కిన వాసన కూడా వస్తుంది. ఈ నెలల్లో కాగితాలు బీరువాలో పెట్టుకోండి. చెమ్మ పీల్చిన కాగితం మెత్తబడి, మొన తగిలితే చాలు సొట్ట పోతుంది.

తెలుపు పెన్సిల్ పనిచేయడం లేదన్న ఫిర్యాదులు చాలా వచ్చాయి. తెల్ల కాగితం మీద తెలుపుని ఎలా పరీక్షిస్తారు చెప్పండి? ఖాకీ కవరు మీద వేసి చూడండి. చవక డబ్బాల్లో తెలుపు అక్కడ కూడా పొగలాగే పడుతుంది. అందుకే ఆత్రేయపురం పూతరేకు బొమ్మ వేయాలంటే తెలుపు వేయకండి, కాగితాన్నే వదిలిపెట్టి చుట్టూ నీడ వేయండి.

రంగులు ఒకదాని మీద ఒకటి నిలుస్తాయా లేదా అన్నది అసలు పరీక్ష. దీనికి నేను వాడేది వరద గోదారి రంగు. జూలై, ఆగస్టుల్లో ధవళేశ్వరం బ్యారేజీ మీద నిలబడితే కనిపించే ఆ ఎర్రనీళ్ల రంగు ఏ పన్నెండు షేడ్ల డబ్బాలోనూ ఉండదు. ముందు పసుపు ఒక వరస, దాని మీద బ్రౌన్, ఆపైన ఆరెంజ్, సుడి తిరిగే చోట నీడకి నీలం పలచగా. నాలుగో రంగు వేసేటప్పుడు నీలం కిందికి దిగి మట్టిరంగులో కలిసిపోతే డబ్బా మంచిదే. పైపైన జారి మచ్చలా నిలబడితే ఆ డబ్బా బొమ్మలకి పనికిరాదు. వరిచేనుకి కూడా ఇదే పద్ధతి, డబ్బాలోని ఆకుపచ్చ నేరుగా వేస్తే చేను ప్లాస్టిక్‌లా ఉంటుంది, కింద పసుపు ఉండాలి. కొబ్బరాకుకి నీలం.

నలుపు నేను డబ్బాలోంచి తీసి పక్కన పడేస్తాను. బ్రౌన్ మీద ముదురు నీలం వేస్తే అంతకన్నా మంచి చీకటి వస్తుంది. ఇక 12 కొనాలా 48 కొనాలా అని అడిగినవాళ్లకి: చవక కంపెనీ 48 కన్నా మంచి కంపెనీ 12 మేలు. మంచిదంటే ఖరీదైనదనే కాదు, నా డబ్బాలో ఎక్కువగా చవకవే ఉంటాయి. తెలుపు, గులాబి, వైలెట్ మాత్రం ఖరీదైనవి విడిగా కొంటాను.

గులాబి, వైలెట్ ఎందుకంటే ఎండకి ముందు వెలిసేవి సాధారణంగా అవే. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీ చూసే ఉంటారు. 1925లో పోయిన మనిషి బొమ్మలు ఇవాళ్టికీ గోడ మీద ఉన్నాయి. మన పెన్సిల్ బొమ్మ గోడకెక్కాలంటే రంగు నిలవాలి. పాలిక్రోమోస్ పెన్సిళ్ల మీద ఎంత నిలుస్తుందో చెప్పే నక్షత్రం గుర్తులుంటాయి. కలర్ పెన్సిళ్లకి ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ పెట్టిన డి6901 అనే ప్రమాణం కూడా ఉంది. మన చవక డబ్బాల మీద సాధారణంగా అవేమీ ఉండవు కాబట్టి మనమే చూసుకోవాలి. అన్ని షేడ్లూ ఒక పట్టీ మీద వేసి, నిలువునా రెండుగా కత్తిరించండి. ఒక సగం పుస్తకంలో పెట్టి బీరువాలో దాచండి. రెండోది వానలు వెనకబట్టాక దక్షిణం కిటికీ అద్దానికి లోపలి వైపు అంటించి, సంక్రాంతి దాకా తీయకండి. అరుగు మీద పెడితే మంచుకి తడుస్తుంది. పుస్తకంలోనే ఉండిపోయే బొమ్మలైతే ఈ పరీక్షే అక్కర్లేదు.

అభ్యాసం: అదే వరద రంగు, ఈసారి బ్రౌన్ పెన్సిల్ ముట్టుకోకుండా. పసుపు, ఎరుపు, నీలం మూడే. అరచేయంత గడి నింపాలి, పెన్సిల్ వెనక పట్టుకునే వేయాలి, ఎన్ని వరసలైనా సరే. మీ దగ్గరున్న ప్రతి డబ్బాతోనూ ఒక గడి. నాలుగైదు సాయంత్రాలు పడుతుంది. పంపేటప్పుడు కార్డు వెనక వైపు ఫొటో కూడా పంపండి, నేను ముందు అదే చూస్తాను.